పట్టుబడి రోజు మాత్ర

గ్రేస్ సిస్టర్ వార్డులో గొంతు పెంచడం ఎనిమిదేళ్లలో నేను ఒక్కసారే విన్నాను. ఎందుకో ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేను!

ఆవిడది పెంటపాడు. రోజూ తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరులో మా గుండె వార్డుకి వస్తారు. ఇంటికెళ్లే పేషెంట్లకి మాత్రల సంగతి చెప్పడం మా ఇద్దరి పని. నేనైతే చీటీ గబగబా చదివి చేతిలో పెట్టేస్తాను. ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంటారు.

కొల్లేటి చేపల చెరువుల్లో పనిచేసే అబ్బులుగారికి స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. మానితే స్టెంట్ మూసుకుపోయి ప్రాణం మీదికొస్తుంది. నెల తర్వాత చూపించుకోడానికి వచ్చినప్పుడు ఆయన మాత్రల అట్టలు చూస్తే ఆరు మాత్రలు అలాగే ఉన్నాయి! నాకు ఒళ్లు మండింది. నోరు తెరవబోతే గ్రేస్ సిస్టర్ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఏవండీ, ఏ రోజుల్లో మానేశారండీ?"

"పట్టుబడి రోజుల్లోనండీ, చెరువులో చేపలు పట్టే రోజుల్లో. వల లాగేటప్పుడు చేప ముల్లు గుచ్చుకుంటదండీ. ఈ మాత్రేసుకుంటే రక్తం ఓ పట్టాన ఆగదండీ."

చీటీ చదివిన నాకు ఆ మాట అడగాలని తోచనేలేదు.

"శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా నొక్కండి," అన్నారు సిస్టర్. " అప్పటికీ ఆగకపోతే ఆసుపత్రికి వచ్చెయ్యండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. పట్టుబడి ఉందని పక్క చెరువు చేపలకి మేత మానేస్తారా?"

"అమ్మో! పొద్దున్నే పడవేసుకెళ్లి చెరువులో గుంజలకి మేత సంచులు కట్టాల్సిందేనండీ."

"మరైతే ముందు మీ మాత్ర, తర్వాతే పడవ."

మళ్లీ ఆయన రావలసిన రోజుకి సరిగ్గా ముందురోజే పట్టుబడి. పొద్దుట్నించీ మా ఇద్దరి చూపూ గుమ్మం మీదే. పదయింది, పదకొండయింది, మనిషి లేడు. సిస్టర్ టిఫిన్ డబ్బా తెరవలేదు.

పన్నెండున్నరకి వచ్చారు. బొటనవేలికి నెత్తుటి గుడ్డ!

"నిన్న ముల్లు దిగిందండీ. పది నిమిషాలు నొక్కానండీ, ఆగింది." జేబులోంచి చేపల వాసన కొట్టే అట్టలు తీశారు.

"నిన్నటిది?" అన్నారు సిస్టర్.

"నిన్నటిదీ వేసుకున్నానండీ, ఇయ్యాల్టిదీ వేసుకున్నానండీ."

"అఖిలా! అన్నీ ఖాళీయే!" సిస్టర్ కేకకి వార్డంతా ఉలిక్కిపడి చూసింది. నేను అట్టలు లాక్కుని రెండుసార్లు తిప్పి చూశాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను!

పక్క మంచం ఆయన ఆ రోజే డిశ్చార్జి. చీటీ పట్టుకుని వెళ్లాను. చదవలేదు. ముందు స్టూలు లాక్కున్నాను.