నవ్వు బొమ్మ పక్కన నా కుర్చీ

ఫిజీ దీవుల్లో, లౌటోకాలో మా ఆసుపత్రిని విదేశం నుంచి వచ్చిన ఒక పెద్ద వైద్య కంపెనీ తీసుకున్నాక నాకో వింత ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగుల అభిప్రాయాలు వినడం. అంతకు ముందు నేను రోగులకు చీటీలిచ్చే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. అక్కడా పొద్దస్తమానం అందరి గోడూ వినేదాన్నే, కాకపోతే ఊరికే వినేదాన్ని. ఇప్పుడు వినడమే పని, దానికే జీతం అన్నారు.

మా ఆయన నమ్మలేదు. వటుకౌలా బంగారు గనిలో చేసి చేసి, నడుం పట్టేసి, తవువాలో ఇంటిపట్టున ఉంటున్న మనిషి. "నువ్వు నోరు మూసుకుని వింటావా? దానికి డబ్బులిస్తారా? ఈ కంపెనీ ఎవరిదో గాని బాగుపడదు" అన్నాడు. ఇల్లు గడిచేది నా జీతం మీదే, అయినా ఆయన నోటికి అడ్డూ అదుపూ లేదు. రోజూ తెల్లవారుతూనే తవువాలో బస్సెక్కి లౌటోకాకి పోయేది నేను, ఇంట్లో కూర్చుని జోస్యం చెప్పేది ఆయన.

వినడానికి బోలెడు ఉండేది, ఆ మాట చెప్పాలి. కంపెనీ వచ్చీ రాగానే రోగుల్ని రోగులనకూడదంది. కస్టమర్లు అనాలిట. లోపలికి వచ్చిన ప్రతివాళ్లనీ "మా సేవను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు" అని పలకరించాలిట. చెరకు కొడుతూ కాలు తెగ్గొట్టుకుని వచ్చిన ఒకాయన ఆ మాట విని, "నేనేం ఎంచుకోలేదమ్మా, లారీవాడు ఇక్కడ దింపేసి పోయాడు" అన్నాడు. ఇక యూనిఫారాలు. ఏ చలిదేశంలో కుట్టించారో, మణికట్టు దాకా చేతులు, మెడ దాకా గుండీలు. లౌటోకా ఎండలో అవి తొడుక్కుని మా నర్సులు ఉడికిపోయారు పాపం.

ఈ గోలంతా సాయంత్రం డ్యూటీ దిగాక వెనకవైపు బట్టలుతికే షెడ్డులో బయటపడేది. అక్కడ యంగోనా గిన్నె చుట్టూ చాపలు పరుచుకుని కూర్చునేవాళ్లం. యంగోనా అంటే ఒక వేరు దంచి నీళ్లలో పిసికి తీసే బురదరంగు రసం. తాగితే నాలుక మొద్దుబారుతుంది, మనసు తేలికపడుతుంది. ఫిజీలో పలకరింపుకైనా పంచాయితీకైనా ఆ గిన్నె ఉండాల్సిందే.

గిన్నె దగ్గర పెద్దరికం ఇద్దరిది. ఒకరు లాండ్రీ చూసే ముసలాయన, పక్క దీవిలోని వునిమోలి చెరకు పొలాల నుంచి సముద్రం దాటి ఈ పక్కకి వచ్చి స్థిరపడ్డవాడు. గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ల మనవడు, నాలాగే. ఆసుపత్రి మొత్తం మీద నాతో తెలుగు మాట్లాడేది ఆయనొక్కడే, అందుకని బాబాయ్ అని పిలిచేదాన్ని. రెండో మనిషి హెడ్ నర్సు. ఇక్కడి మూలవాసి, నిలువెత్తు మనిషి. ఆమెను అందరం మారామా అంటాం, అమ్మగారూ అన్నట్టు. ఆమె మాట్లాడేది మా ఫిజీ హిందీయే, నన్ను బహిని అంటుంది, చెల్లీ అన్నట్టు.

ఇంతలో కంపెనీ ఒక యంత్రం పంపింది. నడుం ఎత్తు స్తంభం, దాని మీద రెండు మొహాలు. ఒకటి పళ్లికిలించి నవ్వుతుంటుంది, ఒకటి కన్నీళ్లు కారుస్తుంటుంది. ఇంటికి పోయేటప్పుడు ప్రతి ఉద్యోగీ ఆ రోజు తన మనసు ఎలా ఉందో నొక్కి పోవాలి. నొక్కిందల్లా తిన్నగా సముద్రాల అవతల హెడ్డాఫీసులో కనబడుతుందిట. దాన్ని తలుపు దగ్గర, సరిగ్గా నా కుర్చీ పక్కన నిలబెట్టారు.

షెడ్డులో కంపెనీని చీల్చి చెండాడినవాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చి నవ్వు బొమ్మ నొక్కి పోయేవాళ్లు! చెమటకి ఒళ్లంతా పొక్కి గోక్కుంటూ వచ్చినవాళ్లూ నవ్వు బొమ్మే. వేడినీళ్ల బాయిలరు పాడై వారమంతా చేత్తో దుప్పట్లు ఉతికిన బాబాయ్ కూడా నవ్వు బొమ్మే. అది నొక్కి, నా వైపు చూసి తల ఊపి మరీ వెళ్లేవాడు.

ఒకరోజు మేనేజరు దొర నన్ను గదిలోకి పిలిచాడు. మంచివాడే, పాపం. మొహం ఎప్పుడూ ఎండకి కందిపోయి ఉండేది. "మీకు నా అభినందనలు. మా కంపెనీ ఆసుపత్రులన్నింటిలోకీ మీ ఉద్యోగులే ఎక్కువ సంతోషంగా ఉన్నారు" అన్నాడు. నేను మురిసిపోయాను. "కాబట్టి వాళ్ల బాధలు వినడానికి వేరే మనిషి అక్కర్లేదంటోంది హెడ్డాఫీసు" అన్నాడు. వచ్చే శుక్రవారం అందర్నీ కూర్చోబెట్టి తనే స్వయంగా అడుగుతానన్నాడు. ఫిర్యాదులుంటే నా ఉద్యోగం ఉంటుంది. లేకపోతే లేదు.

ఆ సాయంత్రం షెడ్డులో ఒంటికాలి మీద లేచాను. "బుద్ధుందా మీకు? రోజూ ఇక్కడ ఏడుస్తారు, అక్కడికెళ్లి నవ్వు నొక్కుతారు! నా ఉద్యోగం ఊడుతోంది, తెలుసా?"

బాబాయ్ తెల్లబోయాడు. "అదేటమ్మీ, కంపెనీవోళ్లు మెహమాన్ కదా. ఇంటికొచ్చిన మెహమాన్ ముందర మొహం మాడ్సుకుంటామేటి?"

"మెహమాన్ ఏమిటి బాబాయ్, ఆసుపత్రి వాళ్లదే!"

"అయినా నీ పక్కన నిలబడి ఏడుపుబొమ్మ ఎలా నొక్కుతాం బహిని?" అంది మారామా. "నిన్ను చూసి ఏడ్చినట్టుంటుంది. నీకు మాట రాకూడదని అందరికీ చెప్పి మరీ నవ్వు నొక్కిస్తున్నాను."

నేను నెత్తి కొట్టుకున్నాను. అందరూ అయ్యో అన్నారు, ఇసా ఇసా అని నొచ్చుకున్నారు, రేపటి నుంచి ఏడుపే నొక్కుతామని మాటిచ్చారు. మర్నాడు సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి, నా మొహం చూసి, వేలు ఏడుపు దాకా తీసుకెళ్లి, గబుక్కున నవ్వు నొక్కి పారిపోయారు.

"ఉత్త నోటి మాట కాదమ్మీ, పద్ధతిగా అడగాల" అన్నాడు బాబాయ్. నిజమే. ఇక్కడ ఒక మనవి గట్టిగా చెయ్యాలంటే యంగోనా వేళ్ల కట్ట తెచ్చి పెద్దల ముందు పెట్టాలి. వాళ్లు ఆ కట్టను తాకి తీసుకున్నారా, అడిగింది కాదనడానికి లేదు. లౌటోకా మార్కెట్లో మంచి కట్ట బేరమాడి తెచ్చాను. మారామా ముందు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని అడిగాను. "శుక్రవారం దొర ముందు ప్రతి ఒక్కరూ ఒక్క ఫిర్యాదైనా చెయ్యాలి." మారామా కట్టను తాకింది. అందరూ చేతులు గుంటగా చేసి బరువుగా చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్లి మా ఆయనకి చెబితే, "ప్రపంచంలో ఎక్కడైనా నన్ను తిట్టండని లంచం ఇచ్చినవాళ్లున్నారా?" అన్నాడు. తిట్టమన్నది కంపెనీనయ్యా, నన్ను కాదు అన్నాను.

శుక్రవారం వచ్చింది. దొర చేతిలో కేకులతో వచ్చాడు. స్వయంగా వాళ్లావిడ చేసిందిట. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి తనే వడ్డించాడు. పెట్టిన చేతిని పట్టుకుని ఎవరు తిడతారు?

"ఇక చెప్పండి. మొహమాటం వద్దు. మీకు ఏ విషయంలో బాధగా ఉంది?" అన్నాడు.

అందరి నోళ్లలోనూ కేకు. మారామా లేచింది. దొరను చూసింది, ఖాళీ ప్లేటు చూసుకుంది, నన్ను చూసింది. నాకిచ్చిన మాట తప్పకూడదు, తినిపించినవాణ్ణి నొప్పించకూడదు. పెద్ద చిక్కులోనే పడింది. ఉన్నట్టుండి మొహం విప్పారింది.

"నా ఫిర్యాదు ఈమె మీద సార్" అని నన్ను చూపించింది. "మరీ గట్టిగా మాట్లాడుతుంది. వార్డులో పేషెంట్లు ఉలిక్కిపడి లేస్తారు."

నేను నోరు తెరిచాను. గది అంతా హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది. దారి దొరికిందిగా మరి! ఒకరి తర్వాత ఒకరు లేచారు. నేను డబ్బాలో తెచ్చే కూరలో కారం ఎక్కువట. బస్సు ఆలస్యమైతే ఆ కోపం అందరి మీదా చూపిస్తానట. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఇంటిదాకా వచ్చి ప్రాణం తీస్తానట. చివరికి బాబాయ్ లేచి, "ఈవిడకి ఓపిక లేదు సార్, కసురుతాది" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి, నా వైపు చూసి, మాట నిలబెట్టుకున్నాను చూశావా అన్నట్టు కళ్లెగరేశాడు.

దొర నా వైపు జాలిగా చూశాడు. "అంటే వీళ్లందరికీ ఉన్న బాధ ఒక్కటే అన్నమాట" అన్నాడు. ఇంకేం చెప్పాలి? వారం తిరిగేలోగా వెళ్లిపొమ్మన్నారు.

షెడ్డులో గగ్గోలు పెట్టాను. "నన్నెందుకు తిట్టారు? కంపెనీని తిట్టమంటే!"

"నువ్వైతే మా మనిషివి. నిన్ను అనొచ్చు" అంది మారామా, ఏడుస్తూ. "పరాయివాణ్ణి ఎలా అంటాం?"

కోపంతో ఊగిపోతూనే ఆవిడ భుజం మీద తల పెట్టుకుని నేనూ ఏడ్చాను.

ఆఖరి రోజు నా మెడలో పూలదండలు వేశారు. కసావా దుంపలు, చేపల పులుసు వండి పెట్టారు. మారామా వీడ్కోలు పాట ఎత్తుకుని సగంలో ఆపేసింది. తవువా బస్సు టైమైందని నేను బయల్దేరితే అందరూ నాతో తలుపు దాకా వచ్చారు. కళ్లు తుడుచుకుంటూ, నన్ను సాగనంపుతూ, ఇంటికి పోయే వేళ కాబట్టి ఒక్కొక్కరే యంత్రం నొక్కారు. ఆ రోజు నవ్వు బొమ్మని ఎవరూ ముట్టుకోలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ కూడా ఏడుపే నొక్కారని తర్వాత తెలిసింది.

కొద్ది రోజులకే దొర ఫోను చేశాడు. "హెడ్డాఫీసు వాళ్లు గోల పెడుతున్నారు. అక్కడ అందరూ ఒక్కసారిగా ఎందుకు ఏడుస్తున్నారు, వాళ్ల బాధ వినడానికి ఒక్క మనిషైనా లేదా అని అడుగుతున్నారు. మీరు రేపే రాగలరా?" మా ఆయన పక్కనుంచి, "కంపెనీ బాగుపడదని చెప్పానా" అన్నాడు గాని, పొద్దున్నే లేచి నాకు టీ పెట్టిచ్చాడు.

తిరిగి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రమైంది. మారామా అందరికంటే ముందు వచ్చింది. నన్ను చూసి మొహమంతా నవ్వై, నవ్వు బొమ్మ మీదికి చెయ్యి చాపింది.

"మారామా! వద్దు!" అని అరిచాను.

"ఏం చెయ్యను బహిని, నువ్వొచ్చావుగా" అని నొక్కింది.

వెనకాలే బాబాయ్, ఆ వెనక మిగతా అందరూ. నా నెత్తిన మళ్లీ అదే బండ పడబోతోందని తెలిసి కూడా ఎవ్వరూ ఆగలేదు. అందరూ వెళ్లాక నేనొక్కదాన్నీ మిగిలాను. నా ఉద్యోగం నిలవాలంటే నేనైనా ఏడుపు నొక్కాలి. వేలు దాని వైపు చాపాను, ఎంత తోసినా ముందుకు పోలేదు. నవ్వు బొమ్మే నొక్కి, బస్సు కోసం పరిగెత్తాను.