ఇల్లే అన్న మాట

ఆయన ఇప్పుడు మలేసియా ఫెడరల్ కోర్టు జడ్జి. నేను చూసిననాటికి కింది కోర్టులో ఉండేవారు. సాక్షి మాట ముగిశాక పెన్ను ఒక్క క్షణం ఆపి, అప్పుడు రాసుకునేవారు. ఆ ఆగడమే నేను మరిచిపోలేను.

బాగన్ దాతుక్‌లో మూడు తరాలుగా మేమున్న ఇంటిని ఖాళీ చేయమని ఎస్టేటువాళ్ళు కేసు వేశారు. తెలుగు దుబాసీ దొరకలేదని తమిళతన్ని పెట్టారు. "ఈ ఇల్లు మీదేనా?" అని అతను తమిళంలో అడిగాడు. అమ్మ తెలుగులో, "ఇల్లే, మా ఇల్లే!" అంది. తమిళంలో ఇల్లే అంటే కాదని. అతను అదే చెప్పాడు. మా లాయరుకు రెండు భాషలూ రావు. నేను లేచి అరిస్తే బంట్రోతు మలాయిలో "దుడుక్!" అని కూర్చోబెట్టాడు.

జడ్జిగారూ తెలుగువారే. ఆయన పెన్ను మామూలుకంటే ఎక్కువసేపు ఆగింది. తర్వాత "కాదు" అనే రాసుకున్నారు. ఇల్లు పోయింది.

ఆయన ఫెడరల్ కోర్టుకు వెళ్ళినప్పుడు ఇపో పట్టణంలో మన తెలుగువాళ్ళు సన్మానం చేశారు. వరుసలో నిలబడి అడిగాను.

"బాబూ, ఆ రోజు మా అమ్మ మాట మీకు ఇనిపించనేదా?"

"ఇన్నానమ్మా. దుబాసీ సెప్పిందే రికార్డు. నానేటి సేసేది?"

"ఇల్లొద్దు బాబూ. మా అమ్మ కాదననేదని ఓ కాగితం మీద రాసియ్యండి."

"జడ్జీలు అలాటియి రాయకూడదమ్మా," అని పక్కవాళ్ళతో ఫోటోకు నిలబడ్డారు.

అమ్మను బంధువులు ఇప్పటికీ ఇల్లు వద్దన్న ముసలమ్మ అంటారు. ప్రతి ఉగాదికీ ఆయనకు ఉత్తరం రాస్తున్నాను. జవాబు లేదు. అమ్మ బతికుండగా రావాలి.