అక్షరాల మధ్య జాగా

పత్రికలో పనిచేసినన్నాళ్లూ అక్షరాలను చదివానే తప్ప వాటి వైపు చూడలేదు. డెస్కులో తెర మీద అన్నీ ఒకే లావున, ఒకే ఎత్తున వచ్చి పడేవి. ఇంగ్లీషు అక్షరాల చివర ఉండే సన్నని అంచులను సెరిఫ్ అంటారని పేజీలు పెట్టే ఆయన ఒకసారి చెప్పాడు. మన అక్షరాలకూ అలాంటి సొగసు ఉందని వనపర్తిలో రాళ్ల మీద పేర్లు చెక్కే మనిషి దగ్గరే తెలుసుకున్నాను.

బడుల ప్రారంభోత్సవ ఫలకాలు, సత్రాల్లో దాతల పేర్లు, పొలాల్లో సమాధి రాళ్లు ఆయన పని. ఆయన అక్షరం అడుగున నిండుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడేది. తలకట్టు చివర ఉలిని కాస్త వాల్చి తీసేవాడు. గీత అక్కడ వడ్లగింజ మొనలాగా ముగిసేది. మొదట ఏదో వార్త కోసం వెళ్లాను. తర్వాత వార్త లేకపోయినా వెళ్తుండేవాణ్ని.

"మీ పేపర్ల తప్పు పడితే తెల్లారి సవరణ ఏస్తరు సార్," అనేవాడు. "నా తప్పు జూడనీకి మునిమనుమలు గూడ వస్తరు."

పోయినేడు ఆయన భార్య చనిపోయింది. అప్పటికే ఆయన కుడిచెయ్యి వణుకుతోంది. దవాఖానలో మందులిచ్చారు గాని, అది తగ్గేది కాదని కూడా చెప్పారు. సంవత్సరీకం నాటికి కోడేరు దగ్గరి పొలంలో ఆమె సమాధికి రాయి పెట్టాలి. దాని మీద పేరు తన అక్షరాల్లోనే ఉండాలన్నది ఆయనకు మిగిలిన ఒకే కోరిక.

"ఊరోళ్ల పేర్లన్నీ రాస్తి. ఆమెది ఒక్కసారి గూడ రాయలే. బతికుండంగ ఇంట్ల మనిషి పేరు రాయి మీద పెట్టొద్దని మా నాయన చెప్పిండె."

పనికిరాని బండ మీద నా ముందే ప్రయత్నించాడు. మొదటి అక్షరం సగంలోనే ఉలి జారింది. మళ్లీ ముట్టలేదు.

ఉపాయం నేనే చెప్పాను. ఆమె పేరులో నాలుగే అక్షరాలు. ఆయన చెక్కిన పాత రాళ్ల మీద అవి ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకొస్తే, ఆయన అల్లుడు, నాగర్‌కర్నూలులో మిషను మీద రాళ్లు చెక్కేవాడు, వాటినే కొత్త రాతిలోకి దించుతాడు. ఆయన సరేనన్నాడు. ఏ రాయి ఎక్కడుందో చెప్పి పంపాడు.

మొదటి అక్షరం శ్రీరంగాపూర్‌లో ఒక సత్రం గోడ మీద దొరికింది. రెండోది తెలకపల్లిలో ఉండాలి. కానీ అక్కడి ఫలకానికి ఎవరో రంగు దట్టంగా పూసి గాట్లన్నీ పూడ్చేశారు. దానికోసం గద్వాల దాకా వెళ్లి, ఒక సమాధి రాయి మీద పట్టుకున్నాను. ఆ ఇంటి కోడలు పక్కనే నిలబడి చూస్తూ, "మా మామ పేరుల అక్షరం తీస్కపోతున్నవ్, ఆయనకు తక్కువ పడదు గద సార్?" అంది నవ్వుతూ. మిగిలిన రెండూ కోడేరులోనే, ఒక బావి గట్టు రాయి మీద ఉన్నాయి.

అల్లుడు మంచి పనివాడు. నాలుగింటినీ ఒకే ఎత్తుకు తెచ్చి, నల్లరాతి మీద శుభ్రంగా దించాడు. ఇద్దరం కలిసి ఆ రాయిని వనపర్తికి తీసుకెళ్లాం. పెద్దాయన దాన్ని వాకిట్లో ఎండకు పెట్టించి, ఎడమచేతి వేలు గాట్ల వెంట నడిపాడు. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు.

"అన్నీ నావే సార్," అన్నాడు. "ఆమె పేరే గాదు."

నాకు అర్థం కాలేదు. ఆయన రెండో అక్షరం మీద వేలు పెట్టాడు.

"ఇది గద్వాలల పక్కోనికి జాగ ఇచ్చి ఒదిగింది. ఈడ పక్కకు వాడు లేడు. ఐనా గట్లనే ఒదిగి ఉంది. సూడు, ఒకల మొఖం ఒకలు జూస్తలేరు."

అప్పుడు చూశాను. నాలుగూ అందమైనవే. సంతలో కలిసిన కొత్తవాళ్లలాగా నిలబడి ఉన్నాయి.

"కంప్యూటర్ల జరుపుత మామా," అన్నాడు అల్లుడు. "ఎంత జరపాలెనో చెప్పు, ఇంకో రాయి చేస్త."

"చెప్పనీకి రాదురా. అది నా చేతికి ఎర్క. చెయ్యే పాయె."

అల్లుడు తల వంచుకున్నాడు. అక్షరమంటే ఎక్కడి నుంచైనా తీసి ఎక్కడైనా పెట్టేదనుకున్నాను. నా ఉద్యోగం నేర్పింది అంతే. ఉలి వదిలేసినవాడి మీద అనవసరంగా ఆశ రుద్దాననిపించింది.

చివరికి ఆయనే అన్నాడు. "మిషన్ల ఏది ఉంటే అదే పెట్టు. అందరి రాళ్ల మీద ఉన్నదే. పరాయి అక్షరమైతే నాకు దాంతోని పంచాయితీ లేదు."

సంవత్సరీకం నాడు పొలంలో అల్లుడు అలా చేసిన కొత్త రాయే నిలబెట్టారు. ఫ్లెక్సీల మీద, బస్సుల మీద కనిపించే అక్షరాలు, ఒకే లావున. చుట్టాలంతా బాగుందన్నారు. అందరూ వెళ్లాక ఆమె చెల్లెలు, చదువురాని మనిషి, వచ్చి పేరు మీద అరచెయ్యి పెట్టింది.

"నువ్వే చెక్కినవా బావా?"

ఆయన వణికే చేతిని భుజం మీది తువ్వాల కిందికి తీసుకున్నాడు.

"ఆఁ, నేనే," అన్నాడు.