బొగ్గేసేవాడి పేరు

ఆ రోజు ఎల్‌బీ నగర్‌లో మెట్రో కదలగానే ఫోన్‌లో పాత గూడ్సు బొగ్గింజన్ల వీడియో పెట్టుకున్నాను. పక్కసీటు పెద్దాయన తొంగిచూశాడు.

"నేను గసొంటిదే నడిపిన. ఒకదాన్ని మించి ఒకటి పెద్ద ఇంజన్లు తెచ్చిండ్రు. పొయ్యి పెరిగింది, డబ్బాలు పెరిగినయి. బొగ్గేసేటోళ్లు మాత్రం గా ఇద్దరే."

"ఎలా తట్టుకున్నారండీ?"

"యాడ తట్టుకుండ్రు? ఘాట్ ఎక్కుతుంటే ఒకడు పడిపోయిండు. మొహం మీద నీళ్లు గుమ్మరించి మళ్ల పార చేతికిచ్చిన. ఆవిరి తగ్గితే బండి ఆగదా?" నవ్వాడు కూడా. "దిగినంక దవాఖానకు తోలిండ్రు. మళ్ల రాలే."

ఆ పడిపోయినతని పేరడిగాను.

"యాదికి లేదు సార్."

దిల్‌సుఖ్‌నగర్ వచ్చింది. తలుపు దాకా వెళ్లినవాడు ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. ఆశగా చూశాను. ఇంజన్ నంబరు గడగడా చెప్పేసి దిగిపోయాడు.

ఆ నంబరు నాకిప్పటికీ నోటికొచ్చు.