తొమ్మిది రోజుల సంతకం

ఉదయం ఏడింటికి ఉత్తర అండమాన్‌లోని మా డిగ్లీపూర్‌లో బస్సెక్కాం, నేనూ నా చెల్లెలు గౌరీ. పోర్ట్‌బ్లెయిర్ ఆసుపత్రికి. మీరూ వెళ్తుంటే టిక్కెట్టు ముందురోజే తీసుకోండి, లేకపోతే నిలబడాలి. గౌరికి కడుపు. బిడ్డకి తలపుర్రె ఏర్పడలేదని, పుట్టినా బతకదని స్కానింగులో తేలింది. ఆ రోజుకి పందొమ్మిది వారాల ఐదు రోజులు. ఇరవై దాటితే కడుపు తీయడానికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలట. ఒకరు కాదంటేనో?

స్కానింగు రోజే బయల్దేరాల్సింది. "మొగుడి సంతకం లేందే ఆస్పత్రోళ్లు ముట్టుకోరే, ఆగు" అన్నది నేనే. మా చేపల వేటోళ్ల ఇళ్లల్లో ఏ కాగితమైనా మగాడి సంతకంతోనే కదులుతుంది. గౌరి మొగుడు సూరి వేటకెళ్లి సముద్రం మీద ఉన్నాడు, తొమ్మిది రోజులకి ఒడ్డెక్కాడు. తెల్లకాగితం మీద సంతకం చేసి భోరుమన్నాడు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి సంచిలో దాచాను.

రంగత్‌లో పూరీ తిన్నాం. గౌరి ముట్టలేదు. పక్కసీటు దీదీ మన తెలుగోళ్లే, బయటి దేశాల్లో నర్సు పని చేసొచ్చింది. ఉండబట్టలేక ఆవిడకి చెప్పేశాను.

"మాల్టాలో అయితే తల్లి ప్రాణమ్మీదకొస్తే తప్ప తియ్యరమ్మా, బిడ్డ బతకదని తెలిసినా మొయ్యాల్సిందే. సింగపూర్‌లో ఇరవై నాలుగు వారాల దాకా ఆడమనిషి అడిగితే చాలు. ఏ గడ్డమీద ఉంటే ఆ కానూన్."

"మరి మన గడ్డ, దీదీ?" అంది గౌరి.

"ఆ రెంటికీ మధ్యలో. ఫికర్ మత్ కర్, బెంగపడకు."

బారాటాంగ్ దగ్గర ఫెర్రీ కోసం గంట ఆగాం. బళ్లన్నీ వరసకట్టి పోలీసు కాపలాతో కదిలే మూడింటి ఆఖరి కాన్వాయ్ తప్పితే అడవి దాటనివ్వరు, ఇంకో రోజు పోయినట్టే. ఎరిగిన దేవుళ్లందరికీ మొక్కేశాను. మూడుకి ఐదు నిమిషాలుండగా గేటు చేరాం. ఆ రాత్రి పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో పిన్నింట్లో దిగాం.

మర్నాడు ఎనిమిదింటికి ఆసుపత్రి. డాక్టరమ్మ రిపోర్టులు చూసి తలూపింది. నేను గబగబా కవరు ముందు పెట్టాను.

"ఇదేంటి?"

"మొగుడి సంతకమండి."

"అక్కర్లేదమ్మా. పెద్దపిల్లే కదా, తన సంతకం చాలు."

నా నోరు పడిపోను! గౌరి ఫారం మీద హిందీలో తన పేరు రాసింది.

నాలుగో రోజు అదే బస్సులో ఇంటికి. బిడ్డని తీసేశారు, గౌరికి గండం గడిచింది. ఈ దారిన ఎవరైనా వెళ్తే ఎవరి సంతకం కోసమూ ఆగకండి తల్లీ. "తొమ్మిది రోజులు నావల్లే పోయాయి, తిట్టవే" అన్నాను గౌరితో.

గౌరి కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు.

"ఆ తొమ్మిది రోజుల్లోనే అక్కా, బిడ్డ కదలడం మొదలెట్టింది."