స్పేర్ టైరు గుంటలో ఊరగాయ

గురువారం పొద్దున ఆరున్నరకు మహబూలా నుంచి కారులో బయల్దేరాను. కారు దఫ్తరు, అంటే రిజిస్ట్రేషను, ఆ రోజుతో అయిపోతుంది. ఫహస్, అంటే బండి తనిఖీ, పాసైతేగాని కొత్తది ఇవ్వరు. మర్నాడు సెలవు. ఆ సెలవురోజే మా ఆవిడ శ్రావణి పాపను ఎత్తుకుని మొదటిసారి కువైట్‌లో దిగుతోంది. "టాక్సీ ఎందుకు, మన కారులోనే ఇంటికి" అని ఫోనులో గొప్పలు పోయింది నేనే.

నా తర్వాత వెళ్లేవాళ్ల కోసం చెబుతున్నాను: లైట్లు, హారను, వైపర్లు, టైర్లు ముందురోజే చూసుకోండి. కారు కడిగించండి. డిక్కీలో సామాన్లు ఉంచకండి. మా అత్తగారు రాజంపేట నుంచి పంపిన మామిడికాయ ఊరగాయ క్యాను ఇంకా డిక్కీలోనే ఉంటే, దాన్ని స్పేర్ టైరు గుంటలో అడ్డంగా ఇరికించి, పైన మ్యాటు పరిచాను. డిక్కీ అద్దంలా కనిపించింది.

ఏడింటికి దారిలో ఓబులేసన్న ఎక్కాడు. ఊరి నుంచి ఆ క్యాను మోసుకొచ్చింది ఆయనే. అరబ్బీ ఇళ్లలో డ్రైవరు కాబట్టి భాషకు తోడు రమ్మన్నాను.

"ఏం సారూ, బండిని పెండ్లికూతురి మాదిరి చేసినావే!"

"ఇంజను చప్పుడు ఎలా ఉందన్నా?"

"చప్పుడు బాగుండాది. ఎందుకో ఆకలైతాంది."

సబ్హాన్ దగ్గరి తనిఖీ కేంద్రంలో అప్పటికే పెద్ద వరస. ఎనిమిదిన్నరకు మా వంతు వచ్చింది. తనిఖీ అధికారి లైట్లు చూశాడు, బ్రేకులు చూశాడు, తల ఊపాడు. వెనక్కి వెళ్లి వంగి, కింద టార్చి వేశాడు. ఎర్రటి నూనె బొట్లు బొట్లుగా కారుతోంది.

"ఆయిల్ లీక్. ఖలాస్."

ఇంజనూ గేర్‌బాక్సూ ముందే ఉన్నాయని, వెనక కారడానికి ఆయిలే లేదని ఇంగ్లీషులో నిరూపించబోయాను. ఆయన టార్చి నేలమీది మరకకేసి తిప్పాడు.

ఓబులేసన్న గొంతుక్కూర్చుని, ఒక బొట్టు వేలికి పట్టి, నాలుక మీద వేసుకున్నాడు. అధికారి నోరు తెరిచాడు.

"ఉప్పు సరిపోయిండాది సారూ," అని నాతో అని, ఆయన వైపు తిరిగాడు. "అచార్, బాబా! అచార్!"

ఊరగాయకు ఆ మాట వాళ్లకూ ఉంది. డిక్కీ తెరిపించాడు. మెంతిపిండి వాసన వరసలో మూడో కారు దాకా పోయింది. క్యాను మూత వదులైంది; గుంట అడుగున నీళ్లు పోయే కన్నానికి ఉండే రబ్బరు బిరడా ఊడిపోయి ఉంది. అవి నేను చూసుకోలేదు. అధికారి నవ్వాడు గాని పాసు చేయలేదు. శుభ్రం చేసి, కేంద్రం మూసేలోగా తెమ్మన్నాడు.

దగ్గర్లోనే కార్లు కడిగే చోటికి పరుగెత్తాం. పైపు పట్టుకున్న బంగ్లాదేశ్ అతను గుంటలోకి తొంగిచూసి, "భాయ్, చావల్ భీ హై క్యా?" అని, అన్నం కూడా ఉందేమో అడిగాడు. పక్క దుకాణంలో బిరడా దొరికింది. పదకొండుకు మళ్లీ వరసలో నిలబడ్డాం. ఈసారి అధికారి కింద టార్చి వేసి, వాసన చూసి, పాసు చేశాడు. దఫ్తరు డబ్బు అక్కడే ఫోనులో కట్టేశాను.

తిరుగుదారిలో రొట్టెలు కొన్నాం. ఓబులేసన్న క్యాను ఒళ్లో పెట్టుకుని, మిగిలిన ముక్కలతో నంజుకుంటున్నాడు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు శ్రావణి ఫోను చేసింది.

"రేపు టాక్సీనా, మన కారేనా?"

"మన కారే."

"మరి అమ్మ పంపిన ఊరగాయ ఎక్కడ పెట్టావు?"

మ్యాటు ఇంకా ఎర్రగానే ఉంది. నాలుగు అద్దాలూ దించినా వాసన పోలేదు.

"అదీ మన కారులోనే," అన్నాను.