మా గల్లీల మునిగిన ఓడ

నా చిన్నప్పుడు లాల్‌దర్వాజాల మా గల్లీకి ఒక జర్మనీ సబ్‌మెరీన్ వచ్చింది. నవ్వకున్రి పిల్లలూ, నిజంగనే చెప్తున్న. మొన్న మీరు అక్కడ జర్మనీల సముద్రం ఒడ్డున పెట్టిన పాత సబ్‌మెరీన్ ముంగట నిలవడి ఫోటో పంపిన్రు గదా, అది చూసినకాడికెల్లి నా మనసు మనసుల లేదు. ఫోన్ల మాట్లాడితె మీరు మధ్యల వేరే ముచ్చట తీస్తరు. అందుకే గిట్ల రికార్డు చేసి పంపుతున్న. తీరినప్పుడు ఇనున్రి.

మా మేనమామ ఒక కార్ఖానల ఫిట్టర్. చేతుల పనితనం మస్తు ఉండె, నోట్ల బడాయి అంతకంటె ఎక్కువుండె. ఆ ఏడు వినాయకుని పండుగకు పక్క గల్లీ పోరగాళ్లు ధూల్‌పేట్‌ల మాకంటె పెద్ద విగ్రహం చేయిస్తున్నరని తెలిసింది. "విగ్రహం చిన్నగుంటె ఏంది? ముంగట సెట్టింగు చూడనీకి శహరంత మన గల్లీకే రావాలె" అన్నడు మామ. ఆయన దగ్గర పాత కాగితాల దుకాణంల దొరికిన ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఉండె. దాంట్ల పెద్ద లడాయిల, అంటే రెండో ప్రపంచ యుద్ధంల తిరిగిన ఒక జర్మనీ సబ్‌మెరీన్ కత ఉండె. ఎట్ల కట్టిన్రు, యాడ యాడ తిరిగింది, ఏమేం ముంచింది, అంత బొమ్మలేసి రాసిండ్రు. మామ దాన్నే పట్టుకున్నడు.

రేకు పని పక్కింటి చాచా చేసిండు. గరాటలు, నూనె డబ్బాలు అతికే దుకాణం ఆయనది. వినాయకునికి అనంగనే ఎందుకు, ఏందని అడగకుంట కూసున్నడు. సబ్‌మెరీన్ అంటే పొట్టల పొట్ట. లోపలి పొట్టల మనుషులు, ఇంజన్లు ఉంటయి. రెండు పొట్టల నడుమ నీళ్లు నింపుకుంటె మునుగుతది, గాలి కొట్టి ఆ నీళ్లు ఎళ్లగొడితె తేలుతది. చాచా నూనె డబ్బాల రేకుతోని అచ్చం గట్లనే చేసిండు. మామ దానికి రబ్బరు గొట్టం తగిలిచ్చి సైకిల్ పంపు కొడితె, అది బుడబుడమనుకుంట తొట్టిల నీళ్ల మీదికి లేచింది. మేమంత ఎగిరినం. అది ముంచే ఓడను మాత్రం మామ మా ఇంట్లనే, అట్టకు మైనం పూసి చేసిండు. దాన్ని చాచా చూడలె.

నా పని మైకు. నా గొంతు గంట లెక్కుంటదని మామ రాసిచ్చిందంత నేను బట్టీ పట్టిన. "ఇది జర్మనీ సబ్‌మెరీన్. నీళ్ల మీద డీజిల్‌తోని, నీళ్ల కింద బ్యాటరీలతోని నడుస్తది. దీని మూతికి నాలుగు గొట్టాలు. ఒక్క టార్పెడో ఇడిస్తె ఎంతటి ఓడైనా రెండు ముక్కలు" అని నేను అనంగనే మామ దారం గుంజుతడు. ఓడ నడుమల ఇరిగి బుడుంగున మునుగుతది. ఇట్లాంటివి ఎన్నిటిని ముంచిందో నేను లెక్క చెప్తె జనం ఈలలు ఏసేది. ఉస్మాన్‌గంజ్ కెల్లి గూడ చూడొచ్చిన్రు. నన్ను చూసి "గదే, మైకుల చెప్పే పిల్ల" అనుకుంటుంటె నా కాళ్లు భూమ్మీద ఆనలె.

మైకు హారను చాచావాళ్ల మిద్దె గోడకు కట్టేది. వాళ్ల మిద్దె ఎత్తుగుంటదని ప్రతి ఏడు అక్కడనే కట్టుడు. ఆ గోడ కిందనే చాచావాళ్ల అమ్మ మంచం. మేమందరం ఆమెను దాదీమా అంటుంటిమి. కండ్లు సరిగ కనవడవు. ఆమె పెద్దకొడుకు, అంటే చాచావాళ్ల అన్న, ఆ లడాయి కాలంల బొంబాయికి పోయి ఓడల బొగ్గు ఏసే పనికి కుదిరిండు. ఓడ మునిగింది, ఆయన మళ్ల రాలె. గల్లీల పుట్టిన ప్రతోళ్లకు ఈ సంగతి తెలుసు. రోజు పొద్దుగూకంగ దాదీమా "బొంబాయి గాడీ ఆయీ క్యా?" అని, బొంబాయి రైలు వచ్చిందా అని అడిగేది. మేము ఆడుకుంట ఆడుకుంటనే "ఆయీ, దాదీమా" అనేటోళ్లం. అంత తెలిసి గూడ, ఆ ఓడకు ఈ ఓడకు ముడి పెట్టాలని మా అందర్ల ఒక్కలకు తోచలె.

ఒకనాడు పొద్దుగూకక ముందే చాచా వచ్చి "బేటీ, అమ్మ రమ్మంటుంది" అన్నడు. నేను మంచిగ చెప్తున్ననని మెచ్చుకుంటదేమో అనుకున్న. జడ సక్కగ చేసుకొని పోయిన.

దాదీమా తడుముకొని నా చెయ్యి పట్టుకుంది. సగం ఉర్దూల, సగం తెలుగుల మెల్లగ అడిగింది. "రోజు చెప్తున్నవు గదా బేటీ, జహాజ్ మునిగిందని. దాంట్లకెల్లి ఎవరన్న బయటపడ్డరా? బొగ్గు ఏసేటోళ్లు అన్నిటికంటె కిందుంటరంట. పైకి ఎక్కనీకి వాళ్లకు టైం దొరికిందా?"

నేను బట్టీ పట్టిందంత తల్కాయల తిరిగింది. డీజిలు, బ్యాటరీలు, గొట్టాలు, లెక్క. ఆమె అడిగింది దాంట్ల యాడా లేదు. "తెల్వదా? ఫికర్ లేదు, నువ్వు చిన్నదానివి" అని నా చేతుల ఖర్జూరాలు పెట్టింది. తిట్టినా బాగుండు. ఆ ఖర్జూరాలు నేను తినలె, పడెయ్యలె. పట్టుకొనే ఇంటికొచ్చిన.

మామకు చెప్పిన. మామ ఆ పుస్తకం మళ్ల ముంగటేసుకున్నడు. శానసేపు చూసి "లేదు బిడ్డా" అన్నడు. ఓడల పేర్లున్నయంట, బరువులున్నయంట, ఓడల్ల ఉన్నోళ్ల ముచ్చట లేదంట. కత ఆఖరుకు ఆ సబ్‌మెరీన్ గూడ మునిగింది, దాంట్ల ఉన్నోళ్లు గూడ మామ ఈడు పోరగాళ్లే. సెట్టింగు మజా పోతదని ఆ ముక్క ఆయన నాకు రాసియ్యలె.

మామ లేచి హారను ఇప్పనీకి చాచావాళ్ల మిద్దె ఎక్కిండు. నేను ఎనకనే పోయిన. కిందికెల్లి చాచా "ఉండనీ. తీస్తె ఎందుకు తీసిన్రని అమ్మ అడుగుతది" అన్నడు. "చాచా, మాకు తోచలె" అన్నడు మామ. అంత బడాయి మనిషి గొంతు పిట్ట గొంతయ్యింది. చాచా కోపానికి రాలె. "మన ఊర్ల సముద్రం లేదు గదా బేటా, ఎట్ల తోస్తది?" అన్నడు.

తెల్లారి చాచా అరచేతంత రేకు పడవ తెచ్చిండు. అంచులు నున్నగ మడిచి, చుక్క నీళ్లు రాకుంట అతికిండు. "ఇది గూడ పెట్టు. ఓడలకు ఇసొంటియి ఉంటయంట, మునిగితె ఎక్కనీకి" అని మామ చేతుల పెట్టిండు. సబ్‌మెరీన్ గూడ ఒకపారి ఒత్తి చూసి, ఒక అతుకు కారుతుందని మళ్ల అతికి పోయిండు. మా తమాషా మంచిగ నడవాలని ఆయన చేసిన ఆ పని తలుచుకుంటె ఇప్పటికీ నాకు తల్కాయ పైకి లేవదు.

మైకు పట్టుకునే ముంగట మామను అడిగిన, అందరు బయటపడ్డరని చెప్పాల్నా అని. దాదీమాకు మంచిగనిపిస్తదని నా ఆశ. "తెల్వంది ఎట్ల చెప్తవు? తెల్వదనే చెప్పు" అన్నడు. మామ దారం గుంజిండు, ఓడ మునిగింది, చిన్న పడవ నీళ్ల మీద తిరుగుతుంది. నేను లెక్క చెప్పలె. "ఈ ఓడల బొగ్గు ఏసేటోళ్లల్ల మన గల్లీ మనిషసొంటోళ్లు ఉండిరి. ఎవరు బయటపడ్డరో మాకు తెల్వదు. పడవైతె ఉండె" అన్న. ఒక్క ఈల రాలె. హారను తిరిగి ఉన్నది ఆ గోడ దిక్కే. ఆమె ఇన్నదని నాకు ఎరుకే.

మళ్ల పొద్దుగూకంగ దాదీమా బండి వచ్చిందా అని అడిగితె నేను ఆట ఆపి దగ్గరికి పోయి "వచ్చింది దాదీమా, ఆయన రాలె" అని చెప్పేదాన్ని. ఆమె నా తల్కాయ మీద చెయ్యి పెట్టేది.

అప్పటికెల్లి ఎవరన్న గెలిచిన కత చెప్తుంటె నా చెవి మునిగినోళ్ల దిక్కే పోతది. మీ ఫోటోల మీ ఎనక పెద్ద బోర్డు ఉంది, నాకు చదవస్తలేదు. మళ్ల పోయినప్పుడు నాకోసం ఒక్క పని చెయ్యున్రి. అక్కడున్నోళ్లను అడుగున్రి, అది ముంచిన ఓడల్లకెల్లి ఎవరన్న బయటపడ్డరా అని. నన్ను అడిగినామె ఇప్పుడు లేదు. అడిగిన మాటకు మాత్రం నేను ఇంక జవాబు చెప్పలె.